ఇంకోసారి చెప్పండి సార్

"ఇంకోసారి చెప్పండి సార్."

వెనక బెంచీ నుంచి మళ్లీ అదే గొంతు.

లెక్చరర్ చేతిలో చాక్‌పీసు ఆగింది. బోర్డు మీద చెట్టు సగంలో ఉంది. కంప్యూటర్ కోర్సులోని డేటా స్ట్రక్చర్స్ క్లాసులో చెట్లన్నీ తలకిందులే. వేరు పైన, కొమ్మలు కింద.

"ఏది ఇంకోసారి చెప్పాలి?"

"మధ్యలో ఒక కొమ్మ తీసేస్తే, దాని కింద ఉన్నవాటి గతేంటని సార్."

"ఇప్పుడేగా చెప్పాను."

"నాకు ఎక్కలేదు సార్."

క్లాసంతా నవ్వింది.

లెక్చరర్ పళ్లు నూరుకుంటూ మళ్లీ చెప్పాడు. ఈసారి ఒక్కో ముక్కా విరిచి, పసిపిల్లాడికి ముద్దలు కలిపి పెడుతున్నట్టు, పూర్తి వెటకారంతో. ఆ వెటకారం సాగినంతసేపూ బెంచీల మీద పెన్నులన్నీ చకచకా కదిలాయి. అది అతను చూడలేదు.

చూసే అలవాటు లేదు. యూనివర్సిటీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నవాడు. బోర్డు వైపు తిరిగి కుడిచేత్తో రాస్తూ, ఎడమచేత్తో చెరిపేస్తూ పోయేవాడు. వెనకాల మనుషులున్నారన్న అనుమానం అతనికి ఏనాడూ రాలేదు.

ఉద్యోగం మాత్రం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ బ్యాచి బాగా పాసైతే అవుతుంది. లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి.

సరిగ్గా ఇలాంటప్పుడు వచ్చి తగులుకున్నాడు ఈ పెద్దాయన. తల నెరిసింది, కళ్లజోడు తాడుకి వేలాడుతుంది, చేతిలో అరిగిపోయిన తోలుసంచీ. "ఒక పెద్దాయన వెనక కూర్చుంటారు, కూర్చోనివ్వండి" అని డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ చెప్పింది. ఎవరని అడిగే ఓపిక అతనికి లేదు. రిటైరైన గుమాస్తా ఎవరో ఫ్యాను గాలికి చేరాడని తనే తేల్చేశాడు.

పాఠం మధ్యలో పెద్దాయన బోర్డు వదిలేసి బెంచీలన్నీ ఒకసారి కలయజూస్తాడు. తర్వాత చెయ్యెత్తుతాడు. రోజూ ఇదే వరస.

పిల్లలు ఆయనకి 'ఇంకోసారి తాత' అని పేరు పెట్టారు.

"మా క్లాసులో ఒక మట్టిబుర్ర ఉందండీ. దానికి ఎక్కేదాకా ఆగితే నా సిలబస్ గట్టెక్కదు" అని స్టాఫ్ రూములో లెక్చరర్ అందరినీ నవ్వించేవాడు.

రికర్షన్ పాఠం రోజున అతని ఓపిక నశించింది.

"ప్రోగ్రాము తనని తానే పిలుచుకుంటుంది. ఆ పిలిచింది మళ్లీ తనని పిలుచుకుంటుంది. అంతే. అర్థమైపోయింది. తర్వాతది" అంటూ లెక్చరర్ అప్పుడే సగం బోర్డు చెరిపేశాడు.

పెద్దాయన బెంచీలు కలయజూశాడు. చెయ్యెత్తాడు.

"అలా పిలుచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుంది సార్?"

లెక్చరర్ డస్టర్ బల్ల మీద కొట్టాడు. సుద్దపొడి లేచింది.

"ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ? పొద్దు పోకపోతే పార్కులున్నాయి."

"ఆగమనే షరతు ముందే పెట్టకపోతే మెమరీ నిండిపోయి..."

"షరతు నేను పెడతాను. తలుపు అదిగో."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూస్తుండండి సార్" అన్నాడు మెల్లగా.

"మీరు వెళ్తే చూస్తాను."

ఆయన వెళ్లిపోయాడు. లెక్చరర్ చూడలేదు.

ఆ తర్వాత పాఠాలు జారుడుబల్ల మీద జారినట్టు సాగాయి. ఎవరూ అడ్డు రాలేదు. సిలబస్ గడువుకి ముందే అయిపోయింది. పీడ విరగడైందని లెక్చరర్ స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించాడు.

పరీక్ష పేపర్లు వచ్చాయి.

మొదటి కొన్ని పేజీలు తప్ప మిగతావన్నీ తెల్లకాగితాలే. ఒక మహానుభావుడు ఆఖరి పాఠంలోని చెట్టు గీయమంటే ఆకులతో, పిట్టతో సహా గీశాడు. ప్రోగ్రాము ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న జోలికి ఎవరూ పోలేదు.

హెడ్ మేడమ్ కబురు పంపింది. ఆమె బల్ల మీద అతన్ని ఉద్యోగం నుంచి తప్పించే ఉత్తర్వు ఉంది. సంతకం కూడా అయిపోయింది.

"తప్పు నాది కాదు మేడమ్. ఆ ముసలాయన మూలంగా క్లాసు పాడైంది. అడుగడుక్కీ అడ్డం పడితే పాఠం ఎవరికి ఎక్కుతుంది?"

"ఆయన ఉన్నన్నాళ్లు చెప్పిన పాఠాల్లో పిల్లలు బాగానే రాశారు. తర్వాతవే గాలికిపోయాయి."

ఆమె పేపర్ల కట్ట మీద చెయ్యి వేసింది.

"నేనే మోసపోయాను. ఎందుకు రావడం లేదని ఆయన్ని అడిగితే, కుర్రాడు దారిలో పడ్డాడు, ఇక నా అవసరం లేదన్నారు. మీరు గెంటేశారని నిన్న పిల్లలు చెబితే గానీ నాకు తెలీలేదు."

"ఆయనకి... ఏమీ తెలీదనుకున్నాను మేడమ్. చిన్న చిన్నవే అడిగేవారు."

"అవి ఆయన సందేహాలు కావు. మీకు భయపడి నోరు విప్పలేని పిల్లలవి."

"ఇంతకీ ఎవరాయన?"

ఆమె ఉత్తర్వు అతని వైపు జరిపింది.

"ఇక్కడ ఈ సబ్జెక్టు మొదలుపెట్టిందే ఆయన. పోయినేడు పిల్లలంతా ఫిర్యాదు చేసి, మిమ్మల్ని తీసేద్దామని మేమంతా అనుకున్నప్పుడు, 'కుర్రాడికి తెలివుంది, ఆగడమే రాదు, నేను వెనక కూర్చుని ఆపుతాను' అని మీ ఉద్యోగం నిలబెట్టిన మనిషి."