ఎర్త్ స్క్రూ

పుంగనూరులో వెంకటేశులు నడిపే మోటార్ల రిపేరు అంగడికి ఒక శనివారం పొద్దున నరేంద్ర వచ్చి, ప్లాస్టిక్ బాయిలరు ఒకటి చేసిపెట్టమన్నాడు.

వెంకటేశులు చేతిలోని స్క్రూడ్రైవరు జారి బల్ల కింద పడింది. దాన్ని వెతికే నెపంతో కాసేపు వంగే ఉన్నాడు. పన్నెండేళ్లయితే మాత్రం, చౌడేపల్లె బయ్యమ్మ కొడుకును గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? అబ్బాయికి మాత్రం తానెవరో తెలియదు. తెలిస్తే ఈ గడప తొక్కుతాడా?

"బాయిలర్లు చేసేది ఎప్పుడో ఇడిసిపెట్టేసినానప్పా," అన్నాడు పైకి లేచి.

నరేంద్ర కదల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని తన సంగతి చెప్పుకొచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం. ఈమధ్య ఇంట్లోనే సొంతంగా బీరు చేసుకునే పిచ్చి పట్టింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసాన్ని గంటసేపు తెర్లగాగనివ్వాలట. పాతిక లీటర్లు ఒకేసారి కాగాలట. సారాయి కాచేదానికి కాదు కదా అని వెంకటేశులు అనుమానంగా అడిగితే నవ్వేసి, ఆవిరిని చల్లార్చి పట్టే పని కాదిది అన్నాడు. మరి స్టీలు బానలో గ్యాసు మీద కాచుకోవచ్చు కదా అంటే మాత్రం నవ్వలేదు.

"ప్లాస్టిక్కుదే కావల్లన్నా. అదీ నువ్వు చేసిందే కావల్ల. మనిసికి ఏం కాకూడదు."

ఆ చివరి మాట విన్నాక వెంకటేశులు ఒప్పుకున్నాడు.

పన్నెండేళ్ల కిందట ఒక చలికాలం. ప్లాస్టిక్ బకెట్టుకు హీటరు బిగించిన బాయిలర్లు చేసినవి చేసినట్టే అమ్ముడుపోయేవి. వెంకటేశులు రోజుకు ఆరేడు చేసి బజారులో అంగడికి వేసేవాడు. ప్రతిదాని అడుగున ఎర్రరంగుతో 'వెం' అని గుర్తు పెట్టేవాడు. అదొక గర్వం. ఒకరోజు చౌడేపల్లెలో బయ్యమ్మ, స్నానానికి నీళ్లు కాగాయో లేదో చూద్దామని చెయ్యి పెట్టి, కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయింది.

వెంకటేశులు ఆ చావుకు పోయాడు. జనం వెనకాల నిలబడి, తలకొరివి పెడుతున్న కొడుకును చూశాడు. డిగ్రీ చదివే పిల్లవాడు. వెంకటేశులును ఎవరూ ఏమీ అడగలేదు. గాచారం అన్నారు, అంతే. ఇంటికొచ్చి పడుకున్న మనిషికి నిద్ర పట్టలేదు. ఆ బాయిలరుకు ఎర్త్ స్క్రూ బిగించానా, లేదా? పని తొందరలో చేతులు వాటి పాటికి అవి తిరిగాయి, మనసు ఎక్కడో ఉంది. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. ఆ తర్వాత ఇంకొక బాయిలరు చేస్తే ఒట్టు.

ఇప్పుడీ బాయిలరుకు మూడు వారాలు పట్టింది. ఇంకొకరైతే ఒక పూటలో ముగించేవారు. మదనపల్లె నుంచి మూడు డ్రమ్ములు తెచ్చి మరిగే నీళ్లు పోసి చూశాడు. రెండు మెత్తబడితే అవతల పారేశాడు. మూడోదానికి చుక్క కారకుండా రబ్బరు వాషర్లు వేసి హీటరు బిగించాడు. హీటరు చెడి లీకైనా, కరెంటు మనిషి మీదికి రాకుండా ఎర్త్ వైరులో పోయి, ప్లగ్గుకుండే లావు పిన్ను గుండా భూమిలో కలవాలి. అది చాలదన్నట్టు, లీకైతే కరెంటును టక్కున ఆపేసే ట్రిప్ స్విచ్చు కూడా పెట్టాడు. ఎర్త్ వైరును హీటరుకు పట్టి ఉంచే ఎర్త్ స్క్రూనైతే ఎన్నిసార్లు బిగించాడో లెక్కలేదు. అన్నం ముందు నుంచి లేచివచ్చి మళ్లీ బిగించేవాడు. అడుగున గుర్తు మాత్రం పెట్టలేదు. ఏ మొహం పెట్టుకుని పెడతాడు?

నరేంద్ర ప్రతి శనివారం వచ్చి కూర్చునేవాడు. బీరు కబుర్లు రెండో వారానికే ఆగిపోయాయి. ఏదో చెప్పబోయి, టీ తెప్పించేవాడు. కొత్త ప్లగ్గును చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు. తన పని మీద నమ్మకం కుదరలేదేమో అనుకున్నాడు వెంకటేశులు. ఈ పాపిష్టి చేతుల మీద ఎవరికి మాత్రం కుదురుతుంది?

నాలుగో శనివారం డ్రమ్ములో నీళ్లు పోసి స్విచ్చు వేశాడు. నీళ్లు గోరువెచ్చనయ్యాయి. టెస్టరు పెడితే వెలగలేదు. అయినా మనసొప్పలేదు. నరేంద్ర వద్దనేలోపే మోచేతి దాకా చెయ్యి ముంచేశాడు. ఏదన్నా అయితే ఈసారి తనకే కావాలి.

ఏమీ కాలేదు.

నరేంద్ర గబగబా వచ్చి స్విచ్చు ఆపేశాడు.

"అడుగున 'వెం' అని పెట్టేవాడివి గదన్నా. దీనికి యాల పెట్టలేదు?"

అంటే అబ్బాయికి మొదటి రోజు నుంచీ తెలుసు. వెంకటేశులు స్టూలు మీద కూలబడ్డాడు. పన్నెండేళ్లుగా దాచుకున్న మాట బయటికొచ్చింది.

"మీయమ్మను సంపింది నేనేనప్పా. ఎర్త్ స్క్రూ బిగించలేదేమో... గుర్తు లేదు నాకు."

నరేంద్ర జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. లోపల పాత ప్లగ్గుకుండే ఇత్తడి పిన్ను ముక్క ఒకటి ఉంది. దాని మొదట్లో రంపం గాట్లు ఉన్నాయి.

"స్క్రూ గట్టిగానే ఉన్నిందన్నా," అన్నాడు తలెత్తకుండా. "మా ఇంటి గోడకు ఉన్నింది రెండు బొక్కలే, ప్లగ్గు దూరలేదని ఈ లావు పిన్ను కోసేసింది నేనే."