ఓరచూపు పెద్దాయన

ఆ గదిలో దిగేనాటికి ఆమె చేతిలో ఉన్న సరుకు: పన్నెండు ఖాళీ కాన్వాసులు, నాలుగు నోటు పుస్తకాలు, నలభై రోజులు.

ఆమె బొమ్మలు వేస్తుంది, కథలూ రాస్తుంది. ఆర్ట్ రెసిడెన్సీ వాళ్ళు గది ఇచ్చి, భోజనం పెట్టి, పని చేసుకోమన్నారు. కుట్టుపని చేసి ఇల్లు నడిపిన అమ్మ మీద పుస్తకం చెయ్యాలి. ఒక పేజీలో బొమ్మ, పక్క పేజీలో రాత.

మొదటిసారి చేసిన పుస్తకాన్ని ప్రచురణకర్త తిప్పి పంపాడు.

"బొమ్మ చెప్పిందే రాత మళ్ళీ చెబుతోందమ్మా. రెండిట్లో ఒకటి దండగ. ఈసారీ అంతే అయితే నా దగ్గరికి తేవద్దు."

బేరానికి తావులేని మాట.

మొదటిరోజే ఓ పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. తిన్నగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరండీ మీరు?"

"ఓ గంట కూర్చుని పోతానమ్మాయ్. నీ పని నువ్వు కానీ."

ఆమె విసవిసా ఆఫీసుకు వెళ్ళింది.

"ఒక్క గంటేగా మేడం, కూర్చోనివ్వండి" అంది ఆఫీసావిడ, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

ట్రస్టీలకు చుట్టమై ఉంటాడు, కాదంటే మనకే నష్టం అనుకుని ఊరుకుంది.

చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, ఆయన చూపు మాత్రం ఆమెకు నచ్చలేదు. బొమ్మ ముందు నిలబడి, తల పక్కకు తిప్పి, ఓరగా చూసేవాడు. ఈ మాత్రానికేనా గది ఇచ్చింది అన్నట్టు ఉండేది ఆ వాలకం. మనసులో ఆయనకు ఓరచూపు పెద్దాయన అని పేరు పెట్టేసింది.

నాలుగో రోజు ఆయన నోరు విప్పాడు.

"ఇందులో ఏముందమ్మాయ్?"

"చూస్తున్నారుగా! మిషను ముందు మా అమ్మ."

"ఒళ్ళో గుడ్డ ఏం రంగు?"

"నీలం."

"నీలాలు బోలెడు. ఏ నీలం?"

ఆమెకు ఒళ్ళు మండింది. "బడి యూనిఫాం నీలం! ఏడాదిపాటు ఉతికాక మిగిలే నీలం! చాలా?"

పెద్దాయన మొహం వెలిగింది. "ఇదిగో, ఇప్పుడు కనబడింది."

ఆమె కుంచె ఆగిపోయింది.

ఆ ముక్క నోటు పుస్తకంలో లేదు. బొమ్మలోనూ లేదు. గబగబా రాసుకుంది.

మర్నాడు ఆయన కోసం ఆమే కుర్చీ తుడిచి ఉంచింది.

"మీ అమ్మ తిట్టేదా?"

"తిట్టకుండానా! నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ తిట్టేది. మా ఇంట్లో తిట్లన్నీ పళ్ళ సందుల్లోంచే వచ్చేవి."

ఆయన పగలబడి నవ్వాడు. "బొమ్మలో ఉందా ఇది?"

"ఎలా ఉంటుంది? తిట్టును ఎక్కడ గీయను?"

"మరి రాయవేం?"

అంతే, పని పట్టాలెక్కింది.

ఏడో బొమ్మలో అమ్మ మొహం చెరిపేసింది. ఆ మొహం పక్క పేజీ రాతలోకి వెళ్ళింది. బొమ్మలో మిషను తొక్కే పాదం ఒక్కటే మిగిలింది, చెప్పు ఊడిపోతున్నా ఆగని పాదం. ఎనిమిదో బొమ్మకు రాత రెండే వాక్యాలు. తొమ్మిదోదానికి నిండు పేజీ, ఎదుట బొమ్మలో ఒక బొత్తాం. భోజనం గంట కొట్టినా ఆమెకు వినబడేది కాదు. మోచేతులదాకా రంగు, చెవి వెనక పెన్సిలు.

"మీ అమ్మ ఎడమచెయ్యి ఏదీ?" పెద్దాయన ఆరా తీసేవాడు.

"గుడ్డ కింద ఉంది. ఊహించుకోండి!"

"ఊహించుకోవడానికి నీ బొమ్మెందుకు? మా గది గోడ చాలదూ?"

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆమె మాత్రం ఆ చెయ్యి గీసేది.

ముప్పై మూడో రోజుకు ఇంకా మూడు బొమ్మలు మిగిలాయి. చెయ్యి మంచి ఊపు మీద ఉంది. పెద్దాయన లేవబోతుంటే ఆమె అనేసింది.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా. ఉన్నది ఇంకో వారమే. మీకు చెబుతూ కూర్చుంటే చేసేదెప్పుడు? అయ్యాక నేనే పిలుస్తాను."

ఆయన లేచి నిలబడ్డాడు.

"నిజమే. చెయ్యి నడుస్తున్నప్పుడు తలుపేసుకోవాల్సిందే" అని, గుమ్మాన్ని తడిమి వెళ్ళిపోయాడు.

నలభయ్యో రోజు పొద్దున పన్నెండో బొమ్మ ముగిసింది. పేజీలన్నీ ఫొటోలు తీసి పంపింది. రెండు గంటలకల్లా ప్రచురణకర్త ఫోను.

"మూడుసార్లు చూశానమ్మా. కత్తెర ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదు. అచ్చుకు ఇచ్చేస్తున్నా!"

ఆమె కేక పెట్టింది. నోటు పుస్తకాలు గుండెకు హత్తుకుని, మెట్లు రెండేసి దిగుతూ ఆఫీసులోకి దూసుకెళ్ళింది.

"పెద్దాయన ఎక్కడుంటారు? మొత్తం చదివి వినిపించాలి!"

"వెళ్ళిపోయారుగా! ఇవాళ పొద్దున్నే వాళ్ళమ్మాయి వచ్చి, పక్క వీధిలో ఆయన అద్దెగది ఖాళీ చేయించి తీసుకెళ్ళింది."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇంకెక్కడ రావడం మేడం? ఎదురుగా ఉన్నది ఆయనకు కనబడదు. తల తిప్పితే అంచుల్లో కాస్త. అదీ పోతోందట. మీకు తెలీదా?"

"నాకెవరూ చెప్పలేదు."

"ఆయనే వద్దన్నారు. తెలిస్తే మీరు మొహమాటపడతారు, పని సాగదు అన్నారు."

"నాకెందుకు మొహమాటం?"

ఆఫీసావిడ ఈ గదికి ఎంపికైనవాళ్ళ జాబితా తీసి ముందు పెట్టింది. మొదటి పేరు ఆయనది, చిత్రకారుడు. రెండో పేరు ఆమెది.

"గది ఒక్కటేగా మేడం. మీరు దరఖాస్తుతో పంపిన పేజీలు చదివించుకుని విన్నారు. ఈ అమ్మాయికే ఇవ్వండి, నన్ను రోజుకో గంట కూర్చోనిస్తే చాలు అన్నారు."

ఆమె నిలబడే లెక్క వేసుకుంది: తనకు దక్కిన నలభై రోజులూ ఆయనకు వచ్చినవి, వాటిలో ఆయన తనకంటూ ఉంచుకున్నవి నలభై గంటలు, అందులోనూ ఏడు తనే తీసేసుకుంది.