నాలుగో స్విచ్

రెండు రోజులకి అద్దెకి తీసుకున్న ఇంట్లో గీజర్ పనిచేయలేదు. చీకటిపడ్డాక ఓనర్‌కి ఫోన్ చేశాను.

“చన్నీళ్ళు పోసుకోండి సార్. కరెంటు బోర్డు మాత్రం ముట్టుకోకండి,” అని ఫోన్ పెట్టేశాడు.

పాతికేళ్ళుగా వైరింగ్ చేస్తున్న నాకు చెప్పే మాటేనా అది? బోర్డు మూత తీశాను. గదులు మూడు, స్విచ్‌లు నాలుగు. మూడు ఆపేశాను. ఇల్లంతా చీకటైంది. ఫోన్ లైటు వేసి చూస్తే పక్కనున్న మీటరు తిరుగుతూనే ఉంది. ఇంకా ఎవరు వాడుతున్నారీ కరెంటు అనుకుంటూ నాలుగోదీ ఆపాను. మీటరు ఆగింది.

గోడ లోపల మంచం కిర్రుమంది.

“కొత్తగా దిగావా నాయనా?” అంది ఓ ముసలావిడ గొంతు, విసుగ్గా. “వచ్చిన ప్రతివాడూ దాన్ని ఆపేవాడే. వెయ్యి. లేకపోతే నేనే లేచి రావాల్సొస్తుంది.”

ఆ గోడకి తలుపు లేదు. స్విచ్ వెయ్యబోయి ఆగాను. ఎటునుంచి వస్తుందో చూడాలనిపించింది.