ఆరు మరల మిరపకోత

మిరపకోతకు మనుషులు చేలోకి దిగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇంట్లో కూచుని ఫోనులో ఆట ఆడితే చేలో మర కాయ కోస్తుంది. ఒక్కో ఆడమనిషికి ఒక్కో ఫోను, ఒక్కో మర. ఆ వేళ ముఠా మేస్త్రి శిరీషమ్మ మనుషులు ఆరుగురూ పెళ్ళికని చక్కా పోయారు. కోత ఆగితే రేపటి చేను వేరే ముఠాకి పోతుంది. అందుకని ఆవిడ కోడలి చేత ఆరు ఆటలూ కంప్యూటర్‌లో, ఫోను ఆటల్ని అందులో ఆడించే ఎమ్యులేటర్‌లో పెట్టించుకుని, ఒకటి కదిపితే ఆరూ కదిలేలా ఒక్క చేత్తోనే ఆడేస్తోంది.

గంట కాకముందే చేనుగట్టు మీంచి రైతు తరుణ్ ఫోను చేశాడు.

"ఏంది శిరీషక్కా, ఆరు మరలూ ఒక్కసారే వంగి ఒక్కసారే లేస్తన్నాయి? మీవాళ్ళు ఏనాడన్నా ఒక్క మాట మీదున్నారా? అసలు ఆడేది వాళ్ళేనా?"

"వాళ్ళు కాక ఇంకెవరయ్యా" అని పెట్టేసింది.

ఇక ఒక్కొక్కళ్ళనీ గుర్తు చేసుకుంటూ మరల్ని విడివిడిగా నడిపింది. మౌనిక మరని సాలులో వెనకబెట్టింది. ప్రవల్లికదీ స్వాతిదీ ముచ్చట్లాడుకుంటున్నట్టు దగ్గర దగ్గరగా నిలబెట్టింది. హారిక మరని తీసుకెళ్ళి గట్టున కూచోబెట్టింది. నలభై ఏళ్ళుగా ఏ పనులకు వాళ్ళని తిట్టిందో అవన్నీ తనే దగ్గరుండి చేయించింది.

తరుణ్ మళ్ళీ చేశాడు. "ఆఁ, ఇప్పుడు మనుషులున్నట్టుంది. రేపటి చేనూ మీదే అక్కా."

శిరీషమ్మ ఊపిరి పీల్చుకుని తెరవంక చూసింది. చూడగానే ఒళ్ళు మండింది.

"హారికా, లేవ్వే. ఎంతసేపు కూచుంటావు?"

"ఆ మరని మీరేగా అత్తయ్యా కూచోబెట్టింది" అంది పక్కనున్న కోడలు.

"కూచోబెడితే మాత్రం, ఇంతసేపా?"