గాజుకొండ వెనక అమ్మ

అందరూ ఏడుస్తున్న చోట ఆ కొత్త నర్సు పక్కున నవ్వింది.

వీడియో హాల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. కళ్ళు తుడుచుకుంటున్న నకయిజాకు ఒళ్ళు మండిపోయింది.

తెర మీద గాజుకొండ. ఇటు పక్క, ఎగిరే చేప మీద వచ్చిన చిన్నపిల్ల. అటు పక్క, బందీగా ఉన్న తల్లి. గాజుకు అరచేతులు ఆనించి ఏదో చెబుతోంది.

ఏం చెబుతోందో రేవు జనానికి చెప్పేవాడు కవీసి. తెర పక్కన, పసుపురంగు పాత ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా మీద కూర్చుని, మైకు పట్టుకుని, ఇంగ్లీషు సినిమాను అక్కడికక్కడే తమ లుగాండా భాషలో చెప్పేస్తాడు. ఈ దీవిలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. కవీసి ఎలా చెబితే సినిమా అలాగే ఉన్నట్టు లెక్క.

"నిన్ను వదిలేసి పోలేదమ్మా," అంటోంది తల్లి, కవీసి గొంతుతో. "జ్వరంతో నీ ఒళ్ళు కాలిపోతోంటే, నా గుడ్డ నీ మీద కప్పి, మందు కోసం పడవెక్కాను. అంతే తల్లీ."

ఆ మాట కోసమే నకయిజా తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం కర్రపెండలం వేయించి అమ్మే తన పొయ్యి ఆర్పేసి హాలుకు వస్తోంది.

ఆమెకు ఆరేళ్ళప్పుడు తల్లి పడవెక్కింది, మళ్ళీ రాలేదు. చేపల షావుకారుతో లేచిపోయిందని రేవు తేల్చేసింది. తేల్చడానికి రేవుకి ఎంతసేపు! నకయిజాకు గుర్తున్నది ఒక్కటే. నిద్ర లేచేసరికి ఒంటి మీద అమ్మ గుడ్డ ఉంది.

ఈ సినిమా తన కోసమే తీశారని ఆమె నమ్మకం.

ఆట అయ్యాక నర్సు బయటికొచ్చి, నకయిజా మళ్ళీ రాజేసిన పొయ్యి పక్కనున్న డబ్బా మీద కూర్చోబోయింది.

"అది పక్కింటిది సిస్టర్, ఊరుకోరు. ఇది నాది," అంటూ నకయిజా ఇంకో డబ్బా తిప్పి చూపించింది. రేవులో డబ్బాలన్నీ పసుపురంగువే. అందుకే ఏ ఇంటి గుర్తు ఆ ఇంటివాళ్ళు కాల్చిన కత్తితో అడుగున వేసుకుంటారు. "మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత. మా అమ్మ గుర్తు. సరే గానీ, అంత ఏడుపు సీనులో మీకు నవ్వెలా వచ్చింది?"

"రాదా మరి! ఆ తల్లి అంటోంది, 'తలుపు మూసుకుపోతోంది, పారిపో' అని. జ్వరం లేదు, గుడ్డా లేదు. ఆ పిల్ల చేప మీద గంతులేస్తుంటే జ్వరమెక్కడిది?"

నకయిజా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమె తిన్నగా హాల్లోకి వెళ్ళింది. కవీసి మైకు తీగ చుట్టుకుంటున్నాడు.

"కవీసన్నా, గుడ్డ మాట సినిమాలో ఉందా?"

అతను తల దించుకున్నాడు. "లేదు."

"జ్వరం?"

"లేదు."

"నా గుడ్డ సంగతి ఎవరి దగ్గరో విన్నావు కదూ?"

"విన్నాను. కానీ ఒక్క మాట చెప్పనీ చెల్లీ..."

"ఇంకా చెబుతావా? తల్లి లేనిదాన్ని దొరికాను, నా ఏడుపుతో నీ ఆట రక్తి కట్టించుకున్నావు. తొమ్మిదేళ్ళు! ప్రతి వారం ఇక్కడ కూర్చుని, మా అమ్మ మంచిదేనని నీ నోటితో విని, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. నువ్వు అబద్ధం, మా అమ్మ కూడా అబద్ధం. పో! నా కళ్ళబడకు!"

గుమ్మంలో జనం మూగారు. "ఇంకేం అల్లావురా? అసలు చేప ఎగిరిందా, అదీ నువ్వే ఎగరేశావా?" అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. కవీసి తన డబ్బా పట్టుకుని వాళ్ళను తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నకయిజాకు నిద్ర పట్టలేదు. అమ్మ రెండోసారి వదిలేసి పోయినట్టుంది.

మర్నాడు పొద్దున హాలు యజమాని లుబ్వామా వచ్చాడు. కవల పిల్లల తండ్రి కాబట్టి రేవంతా ఆయన్ని సలోంగో అంటుంది. ఆయన చేతిలో కవీసి కూర్చునే డబ్బా ఉంది.

"కవీసి వెళ్ళిపోతున్నాడు. ఇది నీకిమ్మన్నాడు."

"వాడు కూర్చున్న డబ్బా నాకెందుకు? మీ పందులకి నీళ్ళు పెట్టుకోండి!" అంటూ కాలితో తన్నింది.

డబ్బా దొర్లి బోర్లా పడింది. అడుగున మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత.

నకయిజా దాన్ని చంకన పెట్టుకుని రేవుకు పరుగెత్తింది. పడవ అప్పటికే చుక్కంత అయిపోయింది. ఏ దీవికి వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదట. వెనకాలే సలోంగో ఆయాసపడుతూ వచ్చాడు.

"ఈ డబ్బా వాడికెక్కడిది?"

"ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక పడవ మునిగిందట తల్లీ. పదహారేళ్ళ కుర్రాడొకడు, ఈత రాదు, మునిగిపోతున్నాడు. ఒకామె తను పట్టుకున్న ఖాళీ డబ్బా వాడి చేతిలోకి తోసేసిందట. వాడొక్కడే ఎక్కడో అవతలి ఒడ్డుకు చేరాడు. తర్వాత ఈ దీవికి వచ్చి, డబ్బా అడుగున గుర్తును బట్టి ఆమె కూతురివి నువ్వేనని తెలుసుకున్నాడట. ఆమె డబ్బాతో తాను బతికానని ఆమె కూతురికి ఎలా చెప్పాలో తెలియలేదన్నాడు. నిన్న చెప్పబోయాడట."

నకయిజా డబ్బాను గుండెలకు అదుముకుంది.

"మునిగిపోయే ముందు... మా అమ్మ వాడితో ఏమైనా అందా?"

సలోంగో కళ్ళు తుడుచుకున్నాడు.

"అంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం నువ్వు విన్నది అదే."