ఒక్క చెట్టుకే చోటు

"ఇంకా రెండే చెట్లు. ఈ రెండూ అయితే నా చదువు గట్టెక్కినట్టే" అనుకుంటూ ఆ అమ్మాయి నుదుటి చెమట తుడుచుకుంది.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో ఆమెకిది ఆఖరి శిక్షణ. కొత్తగా కడుతున్న బడి ఆవరణలో ఏ చెట్టు ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో తేల్చాలి. ఉంచేదానికి తెల్లరంగు, కొట్టేదానికి ఎర్రరంగు.

మూడు వారాలుగా ఎండలో నూట నలభై చెట్లు కొలిచింది. కాళ్ళు పీకుతున్నాయి.

మిగిలిన రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కొలబద్ద పెట్టి గీసినట్టు నిటారుగా ఉంది. రెండోది నడుం వంగి ఉంది. అక్కడ ఒక్క చెట్టుకే చోటు.

"జాగ్రత్తమ్మా! ఉంచిన చెట్టు కింద పిల్లలు కూర్చుంటారు" అని మాస్టారు పొద్దున్నే హెచ్చరించారు.

టేపు చుట్టింది. ఆకులు చూసింది. నిటారు చెట్టుకి పదికి తొమ్మిది మార్కులు, వంగినదానికి నాలుగు.

"తల్లీ, ఆ వంగినదాన్ని ఉంచు."

వెనక్కి తిరిగింది. మాసిన చొక్కా ముసలాయన. పొద్దుటినుంచీ ఆ వంగిన చెట్టు నీడనే కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు తాతా?"

ఆయన లేచి రెండు చెట్లనీ పిడికిలితో తట్టాడు.

"విను. ఈ వంగినది గట్టిది. ఆ నిటారుది లోపలంతా డొల్ల."

తట్టి చూడమని మాస్టారూ నేర్పారు. మొదటి వారం తట్టింది. తరవాత చేతులు నొప్పెట్టి మానేసింది.

"పైకి చూడు తాతా, ఎంత పచ్చగా ఉందో!"

"ఆకుదేముందమ్మా! లోపలి సంగతి ఆకు చెప్పదు."

"నీ కునుక్కి నీడ పోతుందని బెంగా?" అని నవ్వింది.

ఆయనా నవ్వాడు. "కునుకుదేముంది, ఎక్కడైనా పడుతుంది. ఒక్కసారి చెవి ఆనించి విను. దేవుడు కొందర్ని వంకరగానే పుట్టిస్తాడు, కానీ గట్టిగా పుట్టిస్తాడు."

"సాయంత్రానికి జాబితా ఇవ్వాలి తాతా. ఓపిక లేదు. నీకో దణ్ణం!"

వంగిన చెట్టుకి ఎర్రరంగు పూసింది.



మూడు నెలలు గడిచాయి. బడి తెరవడానికి వారం ఉందనగా, ఓ మోస్తరు గాలికే నిటారు చెట్టు నడిమికి విరిగింది. కింద వేసిన బల్లలు నుజ్జయ్యాయి.

కబురు విని పరుగున వచ్చింది. విరిగిన చోట మనిషి దూరేంత డొల్ల.

పిల్లలు రాకముందే పడింది, దేవుడే కాపాడాడు అనుకుంది. మరి ఆ దేవుడే ముందుగా ఓ మనిషిని పంపి చెప్పించలేదా అనిపించి, తల దించుకుంది.

"ఇక్కడో పెద్దాయన కూర్చునేవారు. ఎక్కడుంటారు?" కాపలాదారుని అడిగింది.

"ఆయనా? ఎక్కడ పని దొరికితే అక్కడే అమ్మా. ఊరు దాటి వెళ్ళిపోయాడు."

"ఏం పని?"

"చెట్లు కొట్టడం. మీరెప్పుడు రంగు వేస్తారా అని ఆ రోజు పొద్దుటినుంచీ కాచుక్కూర్చున్నాడు. విడిగా కూలేమీ ఉండదు, కొట్టిన చెట్టు కలపే ఆయనకి కూలి."

గట్టి చెట్టు పిల్లలకి ఉంచి, డొల్ల చెట్టు తనకిమ్మని ఆయన అడిగాడని ఆమెకి అప్పుడుగానీ అర్థం కాలేదు.