మడి తలుపు

రాజమండ్రిలో ఇప్పుడు మడి తలుపు లేని ఫ్లాట్ లేదు. వంటగది గడప ముందు నిలబడితే చాలు, ఒంట్లో ఏముందో పసిగట్టి బిగ్గరగా చెబుతుంది. మనిషికి సిగ్గుంటుందని మాత్రం దానికెవరూ నేర్పలేదు.

ఆవకాయ పెట్టే రోజున అది వకుళను ఆపేసింది. “జననాంగంలో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్. ప్రవేశం లేదు.”

మామగారు చటుక్కున గోడవైపు తిరిగారు.

“ఛీ! జాడీ బూజు పట్టిపోతుంది. అటే ఉండు,” అంది అత్త హైమావతి.

“పంటినొప్పికి యాంటీబయాటిక్స్ మింగాను కదత్తయ్యా. మంచి బాక్టీరియా చచ్చి ఈస్ట్ పెరిగింది. దురదా మంటా నాకు, మీ జాడీకేంటి? మందు వాడితే తగ్గుతుందంది డాక్టరమ్మ.”

“ఆవిడొచ్చి పెడుతుందా ఆవకాయ?”

వకుళకు హాల్లో చాప, హోటల్ ఇడ్లీ ఏర్పాటయ్యాయి. ఆ చాప పరిచింది భర్త ఫణీంద్ర, పెద్ద ఇంజినీరు.

హైమావతికి అదీ చాల్లేదు. వంటగదిలో మీట నొక్కి, తలుపుకి గట్టిగా చెప్పింది: “పిసరంత ఈస్ట్ ఉన్నా సరే, ఎవర్నీ రానివ్వకు!”

ఆమె బాల్కనీకెళ్లి ఆరబెట్టిన జాడీ, మామిడి ముక్కలు తెచ్చేసరికి తలుపు మూసుకుంది. “మీ నోట్లో ఈస్ట్ ఉంది. పేగుల్లోనూ ఉంది.”

“నాకా?”

గడప ముందు ఫణీంద్ర నిలబడ్డాడు. మామగారూ నిలబడ్డారు. అదే జవాబు. ఆజ్ఞ మార్చే మీట వంటగది లోపలుంది.

“అందరి ఒంట్లోనూ కాస్త ఉంటుందత్తయ్యా. మితిమీరితేనే జబ్బు. చెప్పనిస్తేగా!” అంది వకుళ.

“ఇప్పుడెలాగే?”

వకుళ చాప మీద కాస్త పక్కకు జరిగి, ఇడ్లీ పొట్లం విప్పింది.

“రండి, చోటుంది. జాడీ మాత్రం అటే పెట్టండి.”